మాటకు గడువు

డొమైన్ నేమ్ సర్వర్ ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే, పేరు చెబితే నంబరు చెబుతుందని అంటాం. అంతవరకు నిజమే. బ్రౌజర్‌లో ఒక పేరు కొట్టగానే ఎక్కడో ఒక సర్వర్ ఆ పేరున్న మెషీన్ ఐపీ అడ్రసు చెబుతుంది, దాన్ని పట్టుకుని మన ఫోను అక్కడికి చేరుతుంది. ఏళ్ల తరబడి ఈ సర్వర్లను చూసుకుంటున్న నాకు మాత్రం, ఆ నంబరు కన్నా దాని ముందుండే ఇంకో అంకె మీదికే ముందు కన్ను పోతుంది. అది గడువు. ఫలానా పేరుకు ఫలానా అడ్రసు, ఈ మాటను ఇన్ని సెకన్లు నమ్మవచ్చు అని సర్వర్ ప్రతి జవాబుతోనూ చెబుతుంది. దాన్ని టీటీఎల్ అంటాం. 86400 అని ఉంటే ఒక రోజు, 3600 అంటే గంట, 300 అంటే అయిదు నిమిషాలు. ఆ గడువు ఎంతో నిర్ణయించేది మాట ఇచ్చినవాడే.

మనుషులం చెప్పుకునే మాటల్లో ఈ ఏర్పాటు లేదు. ఆయన కోపిష్టి, ఆ అమ్మాయికి లెక్కలు రావు, వాళ్లింట్లో మర్యాద తక్కువ అని ఎప్పుడో ఒకరోజు చెబుతాం. విన్నవాళ్లు దాన్ని ఎన్నాళ్లు పెట్టుకోవాలో చెప్పం. పదేళ్ల కిందట విన్నదాన్ని నిన్న విన్నట్టే ఇంకొకరికి అందిస్తాం. ఆ కోపిష్టి ఈలోగా మెత్తబడి ఉండవచ్చు. ఆ అమ్మాయి లెక్కల టీచరయి ఉండవచ్చు. నలుగురి నోళ్లలో మాత్రం పాత జవాబే తిరుగుతూ ఉంటుంది.

టెర్మినల్ తెరిచి డిగ్ అనే కమాండ్‌తో ఏదో ఒక పేరు అడిగి చూడండి. జవాబు వరుసలో ముందు పేరు, పక్కన 3600 లాంటి అంకె, ఆ తర్వాత అడ్రసు వస్తాయి. పది సెకన్లాగి మళ్లీ అడిగితే 3590 కనిపిస్తుంది. కాఫీ తాగి వచ్చి అడిగితే ఇంకా తగ్గి ఉంటుంది. మనం అడిగింది మన ఇంటర్నెట్ కంపెనీవాళ్ల సర్వర్‌ని. అది అసలు సర్వర్ దగ్గర ఒకసారి విన్నదాన్ని గుర్తుపెట్టుకుని, ఎంత గడువు మిగిలిందో కూడా చెబుతూ జవాబిస్తోంది. అంకె సున్నాకు వచ్చాక ఎవరైనా అడిగితే మళ్లీ అసలువాళ్ల దగ్గరికే వెళుతుంది. అదే ప్రశ్న నేరుగా అసలు సర్వర్‌ని అడిగితే ప్రతిసారీ 3600 నిండుగా వస్తుంది. పైన ఫ్లాగ్స్ అన్న చోట ఏఏ అనే రెండక్షరాలు కూడా ఉంటాయి. ఇది నా బాధ్యతలో ఉన్న పేరు, నాకు నేరుగా తెలిసే చెబుతున్నాను అని ఆ రెండక్షరాల పూచీ. విన్నది చెప్పే సర్వర్ ఆ అక్షరాలు పెట్టదు. అయినా చిన్నబుచ్చుకోదు. విన్నదాన్ని విన్నట్టుగా చెప్పడం కూడా పనికొచ్చే పనే. నిజానికి ఇంటర్నెట్‌లో రోజూ తిరిగే జవాబుల్లో చాలావరకు అలా విని చెప్పినవే.

ఈ ఏర్పాటు మొదటినుంచీ ఉన్నది కాదు. ఇంటర్నెట్‌కు ముందు నడిచిన ఆర్పానెట్‌లో యంత్రాల పేర్లన్నీ ఒకే ఫైల్లో ఉండేవి. కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో స్టాన్‌ఫోర్డ్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం ఆ ఫైలును చూసుకునేది. కొత్త యంత్రం వస్తే వాళ్లకు చెప్పాలి, వాళ్లు ఫైల్లో చేర్చాలి, మిగతా ఊళ్లవాళ్లు ఆ ఫైలు మొత్తాన్ని మళ్లీ దించుకోవాలి. యంత్రాలు వందల్లోకి వచ్చేసరికి, దించుకున్న ఫైలు చేతికందే లోపే పాతబడడం మొదలైంది. 1983 నవంబరులో పాల్ మోకపెట్రిస్ ఆర్‌ఎఫ్‌సీ 882, 883 అనే రెండు పత్రాల్లో వేరే దారి చూపించాడు. ఎవరి పేర్లు వాళ్లే చూసుకోవాలి. తనవి కాని పేర్ల గురించి అడిగితే, ఎవరిని అడగాలో చెబితే చాలు. 1987 నవంబరులో 1034, 1035 అన్న నంబర్లతో ఆ పత్రాలను తిరగరాశాడు. ఇవాళ్టికీ పునాది అవే.

డిగ్‌కు ప్లస్ ట్రేస్ అని చేరిస్తే ఆ దారి మొత్తం తెర మీద కనిపిస్తుంది. ముందు రూట్ సర్వర్లు. ఏ నుంచి ఎం వరకు 13 అక్షరాల పేర్లతో అన్నిటికన్నా పైన ఉంటాయి. మా ఊరి కాలేజీ సైటు అడ్రసు వాటిని అడిగితే తెలియదు. .ఇన్ సంగతి ఫలానా సర్వర్లను అడుగు అని మాత్రం చెబుతాయి. .ఇన్ సర్వర్లు కాలేజీవాళ్ల నేమ్ సర్వర్ ఎక్కడుందో చెబుతాయి. అసలు అడ్రసు చెప్పేది చివరిమెట్టు మీదున్న ఆ చిన్న సర్వరే. అన్నిటికన్నా పెద్ద స్థానంలో ఉన్నవాటికి తెలిసింది అన్నిటికన్నా తక్కువ. ఆ తక్కువను అవి తప్పులేకుండా చెబుతాయి గనుకే మిగతాదంతా నడుస్తోంది. అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పి తీరాలనే ఆరాటం పెద్దరికంతో పాటు వస్తుంది. ఇంట్లో గానీ ఆఫీసులో గానీ, నాకు తెలియదు, ఫలానావాళ్లను అడుగు అని చెప్పి ఊరుకోగలిగిన పెద్దమనిషి పక్కన పనిచేయడం ఎంత హాయో, అలా పనిచేసినవాళ్లకు తెలుసు.

తెలియకపోవడంలోనూ రకాలున్నాయి. మనం వాటిని కలిపేస్తాం, నేమ్ సర్వర్ కలపదు. ఆ పేరే లేదు అనడానికి ఎన్‌ఎక్స్‌డొమైన్ అంటుంది. కనుక్కోవడం నా వల్ల కాలేదు అనడానికి సర్వ్‌ఫెయిల్ అంటుంది. నీకు చెప్పను అనడానికి రిఫ్యూజ్డ్ అంటుంది. తెర మీద మూడూ ఒక్క పదం తేడాతోనే కనిపిస్తాయి. మూడింటి వెనక పరిస్థితులు మాత్రం వేరు, వాటికి చేయాల్సిన మందూ వేరు. లేదు అన్న జవాబుకు కూడా గడువు ఉండాలని 1998లో ఆర్‌ఎఫ్‌సీ 2308 స్పష్టంగా రాసింది. పేరు పుట్టకముందే ఎవరైనా దాని గురించి అడిగి లేదు అనిపించుకుంటే, ఆ లేదును గంటో మూడు గంటలో గుర్తుపెట్టుకోవచ్చు. ఎల్లకాలం కాదు. గడువయ్యాక మళ్లీ వెళ్లి అడగాల్సిందే. ఈ నియమం మీద నాకు గౌరవం ఎక్కువ. మనకు ఒకసారి కాదన్న మనుషుల దగ్గరికీ, మనవల్ల కాదని తేల్చేసుకున్న పనుల దగ్గరికీ మళ్లీ వెళ్లకుండా ఎన్నేళ్లు గడిపేస్తామో తలచుకుంటే, ఆ పత్రం రాసినవాళ్లు మనుషుల సంగతి ఎరిగినవాళ్లే అనిపిస్తుంది.

ఇక మార్పు సంగతి. ఒక చిన్న ఆస్పత్రి సైటు శనివారం రాత్రి కొత్త మెషీన్‌కు మారాలనుకుందాం. కొత్త అడ్రసు రాయడం అరనిమిషం పని. శనివారం రాత్రి అది రాసేసి ఊరుకుంటే, ఆ సాయంత్రమే పాత అడ్రసును ఒక రోజు గడువుతో తీసుకున్నవాళ్లు ఆ గడువు తీరేదాకా పాత మెషీన్ దగ్గరికే వెళతారు. వాళ్లను వెనక్కి పిలిచే కమాండ్ ఏదీ లేదు. నా సర్వర్ జ్ఞాపకాన్ని నేను ఫ్లష్ చేసుకోగలను గానీ ఊళ్లో ఉన్న సర్వర్లన్నిటి జ్ఞాపకాన్నీ చెరపలేను. శుభలేఖలు పంచాక కల్యాణమండపం మారినట్టే ఉంటుంది పరిస్థితి. కాబట్టి గురువారమే గడువును 86400 నుంచి 300కు దించాలి. అడ్రసు పాతదే, మాట పాతదే. ఇది త్వరలో మారవచ్చు, అయిదు నిమిషాలకోసారి నన్నే అడగండి అని ముందుగా చెప్పడం అన్నమాట. శనివారం వచ్చేసరికి రోజు గడువున్న మాట ఎవరి దగ్గరా మిగిలి ఉండదు. అప్పుడు అడ్రసు మారిస్తే అయిదు నిమిషాల్లో అందరికీ తెలిసిపోతుంది.

మార్పు జరిగే రోజు మీదే మనం దృష్టంతా పెడతాం. ఉద్యోగం మానేసే రోజు, ఊరు మారే రోజు, అమ్మను అన్నయ్య ఇంటి నుంచి తమ్ముడి ఇంటికి తీసుకెళ్లే రోజు. ఆ రోజుకు ముందు గురువారం ఒకటి ఉంటుంది. మన మీద ఆధారపడ్డవాళ్లకు ఇంకా ఏదీ మారకముందే, ఇలాంటిదొకటి రావచ్చు, అడుగుతూ ఉండండి అని చెప్పాల్సిన రోజు అది. అది చేసినవాళ్లింట్లో శనివారం మామూలుగా గడిచిపోతుంది. ఎవరూ దాని గురించి తర్వాత చెప్పుకోరు కూడా.

నేమ్ సర్వర్‌గా నేను వాడేది బైండ్. 1980ల మొదట్లో బెర్క్‌లీ విశ్వవిద్యాలయ విద్యార్థులు రాయగా మొదలైన ప్రోగ్రామ్. దాన్ని నడిపించే కమాండ్ పేరు ఆర్‌ఎన్‌డీసీ. సర్వర్‌తో 953వ పోర్టులో, ఇద్దరి దగ్గరా ఉన్న రహస్యపు తాళంతో మాట్లాడుతుంది. బటన్లున్న తెరలూ ఉన్నాయి. వాటిని తప్పుపట్టను, పెద్ద సంస్థల్లో అవి లేకపోతే గడవదు. కమాండ్ లైన్ నాకు నచ్చడానికి కారణం, అక్కడ చేయబోయేది ముందు అక్షరాల్లో రాయాలి, రాసింది కళ్ల ముందుంటుంది, ఎంటర్ కొట్టేదాకా ఏదీ జరగదు. ఆ ఎంటర్‌కు ముందున్న ఒకటి రెండు క్షణాలను నేను వదులుకోను.

ఒక డొమైన్‌లోని పేర్లూ అడ్రసులూ రాసి ఉండే ఫైలును జోన్ ఫైలు అంటాం. అందులో ప్రతి పూర్తి పేరు చివరా ఒక చుక్క ఉండాలి. పేరు ఇక్కడితో అయిపోయిందని చెప్పేది ఆ చుక్కే. అది లేకపోతే పేరు ఇంకా పూర్తికాలేదనుకుని సర్వర్ దాని చివర డొమైన్ పేరును తనంతట తానే అతికిస్తుంది. 2009 అక్టోబరు 12 రాత్రి స్వీడన్ దేశపు .ఎస్ఈ జోన్‌కు ఇదే జరిగింది. జోన్ ఫైలును తయారుచేసే స్క్రిప్టులో లోపం వల్ల చివరి చుక్కలు పడలేదు. పేర్లన్నిటి చివరా ఇంకో ఎస్ఈ వచ్చి చేరింది. దాదాపు 9 లక్షల డొమైన్లు దారి దొరకకుండా పోయాయి. గంటలోపే ఫైలును సరిచేశారు. అయినా ఆ గంటలో తప్పు జవాబు విన్న సర్వర్లు ఎన్నో దాన్ని గడువు తీరేదాకా పట్టుకునే ఉన్నాయి. దిద్దుబాటు ఎంత తొందరగా జరిగినా, తప్పు ఎంతసేపు బతకాలో అంతకుముందు రాసిన గడువే తేల్చింది.

అందుకే ఫైలును సర్వర్‌కు అప్పగించే ముందు నేమ్డ్ చెక్‌జోన్ అనే కమాండ్‌కు చూపిస్తాం. ఫైలు చదివి, లోడెడ్ సీరియల్ అని ఫైల్లోని సీరియల్ నంబరు చెప్పి, కింద ఓకే అంటుంది. ఆ ఓకే వ్యాకరణానికి మాత్రమే. నేను రాయదలచుకున్నది ఏమిటో దానికి తెలియదు. చుక్క లేని పేరు కూడా చాలాసార్లు వ్యాకరణం ప్రకారం సరైన పేరే. అందుకని హైఫన్ పెట్టి పెద్ద డి చేరుస్తాను. అప్పుడు జోన్ మొత్తాన్ని, ప్రతి పేరునూ పూర్తిగా విడమరిచి, సర్వర్ అర్థం చేసుకున్న రూపంలో తెర మీద పరుస్తుంది. చుక్క మరచిన చోట పేరు రెండుసార్లు వచ్చి కంటికి తగులుతుంది. ముఖ్యమైన ఉత్తరం రాసినప్పుడు కూడా అవతలివాళ్లు దాన్ని ఎలా చదువుకుంటారో ఒకసారి వాళ్ల కళ్లతో చదవడం నాకు ఇక్కడే అలవాటైంది. మన .భారత్ పేర్ల విషయంలో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. తెలుగు లిపిలో ఉన్న .భారత్ జోన్ ఫైల్లోకి వచ్చేసరికి ఎక్స్‌ఎన్, రెండు అడ్డగీతలు, ఆ తర్వాత ఎఫ్‌పీసీఆర్‌జే9సీ3డీ అవుతుంది. కంటితో చూసి తప్పు పట్టగలిగే పేరు కాదది.

ఫైల్లో ఏం మార్చినా సీరియల్ నంబరు పెంచాలి. ఏడాది, నెల, తేదీ, ఆ రోజు ఎన్నో మార్పో కలిపి 2025061401 అని రాయడం అందరికీ అలవాటు. ప్రతి డొమైన్‌కూ ఒకటికి మించి సర్వర్లుంటాయి. ఒకటి మూలం, మిగతావి దాని నకళ్లు. నకలు సర్వర్లు ఫైలు మొత్తాన్ని పోల్చి చూడవు, సీరియల్ పెరిగిందా లేదా అనే చూస్తాయి. పెరగకపోతే ఏమీ మారలేదనుకుంటాయి. అడ్రసు మార్చి, సీరియల్ పెంచకుండా రీలోడ్ చేస్తే సర్వర్ ఒప్పుకుంటుంది. సీరియల్ మారలేదు, నకళ్లకు చేరకపోవచ్చు అని లాగ్‌లో ఒక వరుస రాసి ముందుకు పోతుంది. అప్పటినుంచి ఒకే ప్రశ్నకు రెండు జవాబులు. ఎవరి సర్వర్ తగిలితే వాళ్లకు ఆ జవాబు. సైటు తెరుచుకుందని ఒకరు, లేదని ఇంకొకరు, ఇద్దరూ నిజమే చెబుతూ ఫోన్లు చేస్తుంటారు.

లోపల మారిపోయి, మారామని తెలియజేయకుండా బతకడం ఇలాగే ఉంటుంది. భర్త ఒక నిర్ణయానికి వచ్చేస్తాడు. భార్య పాత నిర్ణయం ప్రకారమే పిల్లలకు మాటిస్తూ ఉంటుంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. మార్పు జరిగిందనే కబురు మాత్రం మార్పుతో పాటు బయలుదేరలేదు. అందుకే నేను రీలోడ్ కొట్టాక అక్కడితో ఆగను. ఒక్కో నేమ్ సర్వర్‌నూ విడివిడిగా, సీరియల్ నంబరుండే ఎస్‌ఓఏ అనే రికార్డు అడిగి, అన్నిటి దగ్గరా ఒకే సీరియల్ కనిపించేదాకా కూర్చుంటాను.

సీరియల్‌లో ఇంకో గుణం ఉంది. అది వెనక్కి నడవదు. వేళ్ల తొందరలో 2025కు బదులు 2052 పడిందనుకోండి. 2052061401 అన్న నంబరు నకళ్లన్నిటికీ చేరిపోయింది. తప్పు చూసుకుని మళ్లీ 2025061402 అని రాస్తే నకళ్లు పట్టించుకోవు, వాటి దృష్టిలో అది పాత నంబరు. బయటపడే దారిని ఆర్‌ఎఫ్‌సీ 1982 చెబుతుంది. ఈ నంబర్లు 4294967295 దాకా వెళ్లి మళ్లీ సున్నా నుంచి మొదలయ్యే వలయంలో ఉంటాయి. నకళ్లు తమ దగ్గరున్న నంబరుకన్నా వలయంలో సగంలోపు ముందున్నదాన్నే కొత్తదిగా లెక్కిస్తాయి. అందుకని తప్పు నంబరుకు 2147483647 కలపాలి. 4199545048 వస్తుంది. చూడటానికి తప్పు ఇంకా పెరిగినట్టే ఉంటుంది. ప్రతి నకలూ ఆ నంబరు తీసుకునేదాకా ఆగాలి. ఒక్కటి వెనకబడినా మళ్లీ మొదటికొస్తుంది. అన్నీ తీసుకున్నాక 2025061402 అని రాస్తే, ఇప్పుడు అది ముందున్న నంబరవుతుంది, అన్నీ ఒప్పుకుంటాయి. సరైన చోటికి తిరిగి రావాలంటే ముందుకు నడిచి, వలయం చుట్టి, అందరూ వచ్చేదాకా ఆగి రావాలి. ఒకరి మనసు విరిచినవాళ్లు విరవకముందటి రోజుకు వెళ్లలేరు. మళ్లీ కలిసిన ఇళ్లను చూశాను. వాళ్లందరూ ముందుకు నడిచే కలిశారు, మధ్యలో చాలాకాలం ఆగవలసి వచ్చింది కూడా.

మూలం సర్వర్ పడిపోతే నకళ్లు ఏం చేయాలో కూడా ఎస్‌ఓఏలోనే రాసి ఉంటుంది. ఎక్స్‌పైర్ అన్న అంకె అది. 1209600 అంటే రెండు వారాలు. మూలంతో మాట్లాడటం కుదరకపోయినా నకలు అన్నాళ్లు తన దగ్గరున్న జవాబులు ఇస్తూనే ఉంటుంది. అడిగినవాళ్లను ఖాళీ చేతులతో పంపదు. రెండు వారాలు దాటాక మాత్రం మానేస్తుంది. సరైనదో కాదో తేల్చుకోలేని మాటను పూచీతో చెప్పడం కన్నా చెప్పకపోవడమే మేలని ఈ పద్ధతి తయారుచేసినవాళ్లు నిర్ణయించారు. ఏళ్లుగా పలకరించని స్నేహితుడి తరఫున వాడికి అది నచ్చదు, వాడు రాడు అని చెప్పబోయినప్పుడు నాకు ఈ అంకె గుర్తొస్తుంది. చెప్పడం ఆపి వాడికి ఫోన్ చేస్తాను.

2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు కనిపించకుండా పోయింది. వాళ్ల డేటా సెంటర్లను కలిపే నెట్‌వర్కులో ఎంత సామర్థ్యం ఉందో చూద్దామని ఇచ్చిన ఒక కమాండ్ ఆ నెట్‌వర్కునే తెంపేసింది. అలాంటి కమాండ్లను ఆపాల్సిన తనిఖీ ప్రోగ్రాములో లోపం ఉండి ఆపలేదు. డేటా సెంటర్లు అందడం లేదని గ్రహించిన నేమ్ సర్వర్లు, తాము ఆరోగ్యంగా లేమనుకుని తమ దారులను తామే ఉపసంహరించుకున్నాయి. బాగుచేయడానికి వాడే లోపలి పనిముట్లు చాలావరకు అవే పేర్ల మీద ఆధారపడి ఉండటంతో అవీ పనిచేయలేదు. మనుషులే డేటా సెంటర్లకు వెళ్లాల్సి వచ్చింది. నేను చూసుకునేవి అంత పెద్దవి కావు. అయినా నేమ్ సర్వర్ల ఐపీ అడ్రసులు ఒక నోట్‌బుక్‌లో పెన్నుతో రాసి ఉంచుకుంటాను. పేర్లు పనిచేయని రోజున పేరుతో లోపలికి వెళ్లలేం. మనసు బాగాలేని రోజున ఎవరికి ఫోన్ చేయాలో, బాగున్న రోజునే రాసి పెట్టుకోవడం కూడా అవసరమే. ఆ పేజీ కూడా అదే నోట్‌బుక్‌లో ఉంది.

ఆస్పత్రి సైటు సంగతికి వస్తే, శనివారం రాత్రి అడ్రసు మారి, అన్ని సర్వర్లూ ఒకే సీరియల్ చెప్పాక కూడా పాత మెషీన్‌ను వెంటనే ఆపకూడదు. కొన్ని ప్రోగ్రాములు మొదలైనప్పుడు ఒక్కసారి అడ్రసు అడిగి, వాటిని ఎవరైనా ఆపి మళ్లీ మొదలుపెట్టేదాకా అదే పట్టుకుని ఉంటాయి. మనం ఇచ్చిన గడువు వాటికి పట్టదు. పాత మెషీన్ లాగ్ తెరిచి ఎవరు ఇంకా వస్తున్నారో చూస్తాను. సాధారణంగా ఎక్కడో ఒక ల్యాబ్‌లో రిపోర్టులు పంపే కంప్యూటర్ ఒకటి కనిపిస్తుంది. వాళ్లకు ఫోన్ చేసి రీస్టార్ట్ చేయమని చెప్పాలి. అదీ అయ్యాక గడువును 300 నుంచి మళ్లీ 86400కు పెంచాలి. తొందరలో చాలామంది మరచిపోయే పని ఇది. మరచినా వెంటనే ఏమీ చెడదు, సైటు నడుస్తూనే ఉంటుంది. ఊళ్లో ప్రతి సర్వరూ అయిదు నిమిషాలకోసారి వచ్చి అదే ప్రశ్న అడుగుతూ ఉంటుంది, అంతే. నా సర్వర్లన్నీ ఒకేసారి అయిదు నిమిషాలు పడుకుంటే ఆస్పత్రి పేరే దొరకకుండా పోతుంది. రోజు గడువు ఇచ్చి ఉంటే, నేను లేని ఆ కాసేపూ రోగులు పాత జ్ఞాపకంతోనే దారి కనుక్కుని వెళ్లేవాళ్లు. అందుకే ఆదివారం సాయంత్రం లాగ్‌లో పాత మెషీన్ దగ్గరికి ఎవరూ రావడం లేదని చూసుకున్నాక 86400 అని రాస్తాను, సీరియల్ ఒకటి పెంచుతాను, చెక్‌జోన్‌కు చూపించి రీలోడ్ కొడతాను.